బాబాసాహెబ్ ఏ గడిలో?

మన యువ ఉపాసకులు కొందరు ఫోనులో 'పొలిటికల్ కంపాస్' పరీక్ష రాసి, తమకు వచ్చిన చుక్కను ఒకరికొకరు చూపించుకుంటున్నారు. నువ్వు వామపక్షం, నువ్వు నియంతృత్వ పక్షం అని పేర్లు పెట్టుకుంటున్నారు. సరదాగా మొదలైనది ఒక్కోసారి ఎడమొహం పెడమొహం దాకా వెళ్తోంది. కనుక ముందు ఆ కొలబద్దనే కొలిచి చూద్దాం.

2001లో ఇంటర్నెట్‌లోకి వచ్చిన ఈ పరీక్షలో 62 వాక్యాలుంటాయి. ఆర్థిక విధానానికి అడ్డగీత, అధికారం-స్వేచ్ఛలకు నిలువుగీత. కుడి, ఎడమ అనే ఒక్క గీత కంటే రెండు గీతలు మేలే. ఆ మేరకు మెచ్చుకుంటాం.

ఇక బాబాసాహెబ్‌ను ఆ గీతల మీద నిలబెడదాం. 1947 నాటి 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు, వ్యవసాయం ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు. చుక్క ఎడమకు పోతుంది. మరి నిలువుగీత మీద? ఆ గీత సంప్రదాయపు పెత్తనాన్నీ, రాజ్యాధికారాన్నీ ఒకే కొసకు కడుతుంది. మన అనుభవంలో ఆ రెండూ చాలాసార్లు ఎదురెదురుగా నిలిచాయి. ఊరి పెత్తనాన్ని ఎదిరించడానికే 17వ అధికరణం అవసరమైంది. ఇంటి పెత్తనాన్ని ఎదిరించడానికే హిందూ కోడ్ బిల్లు అవసరమైంది. అది ఆగిపోవడం 1951లో ఆయన మంత్రి పదవి వదలడానికి ఒక ప్రధాన కారణం. చట్టం చేయి చాచినచోట అణగారినవారికి స్వేచ్ఛ పెరుగుతుందంటే, చుక్కను పైన పెట్టాలా, కింద పెట్టాలా? మధ్యలో పెడితే ఆయన్ను ఎటూ తేల్చుకోని మనిషిని చేసినట్టే. ఆయన పోరాడిన కులానికి అక్కడ గీతే లేదు.

జవాబుల సంగతీ చూద్దాం. అంగీకారం, గట్టి అంగీకారం, వ్యతిరేకత, గట్టి వ్యతిరేకత. ఈ నాలుగే. అంగుత్తర నికాయంలో బుద్ధుడు కూడా ప్రశ్నకు నాలుగు తీర్లు చెప్పాడు. కొన్నిటికి సూటిగా బదులివ్వాలి. కొన్నిటిని విడదీసి చెప్పాలి. కొన్నిటికి ఎదురు ప్రశ్న వేయాలి. కొన్నిటిని పక్కన పెట్టాలి. కంపాస్‌లో ఉన్నది మొదటి తీరు ఒక్కటే. ఆలోచించే మనిషి తరచు ఉండేది తక్కిన మూడింటిలో.

పరీక్ష రాయవద్దని మేము అనడం లేదు. అది చర్చకు మొదలు కావచ్చు, తీర్పు మాత్రం కాదు. ఈసారి మిత్రుడు తన చుక్క చూపిస్తే, ఏ గడి అని చూసి ఊరుకోకండి. ఏ వాక్యం దగ్గర జవాబు నొక్కలేక ఆగిపోయావని అడగండి. అతని మనసు తెలిసేది అక్కడే.