సన్న్యాసియు, నాతని యిల్లాలును

కూచిపూడి సిద్ధేంద్రయోగి కథ తెలుగువారిలో బహుళప్రచారము గలది. బాల్యముననే వివాహమైన యాతడు అత్తవారింటికి బోవుచు కృష్ణ వరదలో చిక్కుకొని, బ్రతికినచో సన్న్యసింతునని మ్రొక్కుకొని, యొడ్డు చేరి మాట నిలుపుకొనెనని జనశ్రుతి. దీనిని ఆపత్సన్న్యాసమందురు. నారాయణతీర్థులను గూర్చియు నిట్టి కథయే కలదు. ఇది చరిత్రమా, కల్పనయా యనుట యిచట మా విచారము కాదు. కథ చెప్పువారు భర్త గట్టెక్కగానే తృప్తిపడి, యాతనికై యెదురుచూచు బాలికను మరచుటయే మా విచారము.

సిద్ధేంద్రుని రచనగా ప్రసిద్ధమైన భామాకలాపమునకు సత్యభామ విరహమే ప్రాణము. ఆమె పరితాపమునకు ప్రేక్షకులు కరగిపోవుదురు. ఆ పలుకులు పురుషుడు వ్రాసినవి. ఇరువదవ శతాబ్దము వరకు నా వేషమును పురుషులే ధరించిరి. నిజముగా విడువబడిన యిల్లాలి మాట యొక్కటియైనను మనకు దక్కలేదు. కలాపము గొప్పది, కావుననే యీ లోటు మరింత బాధించును.

గౌతమీతీరమునందలి యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆ ఫ్రాన్సుదేశపు గాథ యొకటి యిచట పోల్చదగియున్నది. అబెలారు అను పండితుడును, ఎలొయీజు అను విదుషియు రహస్యముగా పెండ్లాడిరి. ఆమె బంధువులు అబెలారును క్రూరముగా హింసింపజేసిన పిదప, సుమారు 1118లో, దంపతులిరువురును మఠములు చేరిరి. కుమారుడు మేనత్త యొద్ద విడువబడెను. కాపురము చేసిన దంపతులలో నొకరు మఠము చేరుటకు రెండవవారి సమ్మతి కావలెనని యా శతాబ్దపు క్రైస్తవ ధర్మశాస్త్రము విధించెను. కాని సమ్మతియెల్ల స్వేచ్ఛయగునా? తాను దైవభక్తిచే గాక భర్త యాజ్ఞచేతనే సన్న్యాసినినైతినని ఎలొయీజు లేఖలో వ్రాసినది. ఆ లేఖ నిలిచినందుననే యా గాథలో భార్య పక్షము గూడ వినబడుచున్నది.

ఈ న్యాయము మనవారెరుగనిది కాదు. ఆలుబిడ్డలకు జీవనమేర్పరుపక ప్రవ్రజించువానికి కౌటిల్యుని అర్థశాస్త్రము దండము విధించినది. అయినను అన్నము పెట్టినంతమాత్రమున మాట యడిగినట్లు కాదు. యాజ్ఞవల్క్యుడు గృహము విడుచునప్పుడు మైత్రేయి యాతని నిలిపి ప్రశ్నించినది. ఆ సంవాదము బృహదారణ్యకోపనిషత్తునకే వన్నె తెచ్చినది. భార్య ప్రశ్నించుటవలన వైరాగ్యమునకు గాని, కావ్యమునకు గాని కొరత రాదనుటకు నింతకంటె నిదర్శనమేల? ఇకమీదట సిద్ధేంద్రుని కథను వ్రాయువారు ఆ బాలిక ప్రశ్నకును చోటీయవలెనని కోరుచున్నాము.