ముందు బాగుచేయిద్దాం

పాత కారు చేతికొచ్చిందంటే ‘దీన్నేం చేయిద్దాం’ అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ‘ఇది కొత్తలో ఎలా నడిచేది’ అన్న ప్రశ్న చాలామందికి రానే రాదు. నా తాపత్రయమంతా ఆ రెండో ప్రశ్న గురించే.

మా అన్నయ్య కొడుకు ఉండేది విజయవాడలో. ఈమధ్య 1969 నాటి అంబాసిడర్ మార్క్ టూ ఒకటి కొన్నాడు. గుడివాడ దగ్గర ఓ ఇంటి వెనక షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండి. చిన్న చిన్న గళ్ల గ్రిల్లు, ముందు బెంచీలాంటి ఒకటే సీటు, స్టీరింగు పక్కన హ్యాండ్ గేరు, ఏదీ పోలేదు. ఆటోనగర్‌కి లారీ మీద తెప్పించి నాకు ఫోన్ చేశాడు.

“బాబాయ్, ఇంజను తీసేసి ఐసుజు వేయిద్దామనుకుంటున్నా. గేరు కిందకి మారుస్తాను. పవర్ స్టీరింగు, డిస్క్ బ్రేకులు, ఏసీ. పైకి మాత్రం పాత బండే.”

“నడిపి చూశావా?”

“నడిస్తే కదా బాబాయ్!”

నడవని బండిని చూసి, అది నడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని, ఆ ఊహ నచ్చక మార్చాలనుకుంటున్నాడు. వాడొక్కడే కాదు, పాత బండ్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. అంబాసిడర్ అనగానే స్టీరింగు బరువు, గేర్లు పడవు, బ్రేకులు పట్టవు, వేడెక్కిపోతుంది అంటారు. అది అరిగిపోయిన అంబాసిడర్ గురించి చెప్పే మాట. నలభై ఏళ్లు గ్రీజు ఎరగని బండిని నడిపినవాళ్ల అనుభవం ఆ కారు స్వభావమై కూర్చుంది.

ఆ వారమే ఆటోనగర్ వెళ్లాను. అక్కడి మేస్త్రీ ముందు బానెట్ ఎత్తలేదు. బండి కింద దూరి హ్యాండ్ గేరు కడ్డీలు పట్టుకుని ఊపాడు. గేరు లివరు నుంచి స్టీరింగు కాలమ్ పక్కగా కిందకి దిగి, అక్కణ్నుంచి గేర్‌బాక్స్ దాకా పోయే కడ్డీలవి. ఒక్కో జాయింటు దగ్గర ఒక్కో బుష్షు ఉండాలి. ఒకచోట బుష్షే లేదు, దాని స్థానంలో ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. మరోచోట పిన్ను అరిగి, పట్టుకోవాల్సిన కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, అన్నిచోట్ల ఆటా కలిస్తే పైన లివరు జానెడు ఊగుతుంది. మూడో గేరు కోసం నెడితే ఎక్కడికి పోతుందో తెలియదు. మేస్త్రీ ఆ పిన్నులన్నీ విప్పి లేతుకి పంపించాడు. కొత్త పిన్నులు, బుష్షులు పడ్డాక లివరు రెండు వేళ్లతో కదిలింది. మా వాడు ఇంజను స్టార్ట్ చేయకుండానే సీట్లో కూర్చుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ గేర్లు మార్చి మార్చి చూసుకున్నాడు. ఫ్లోరుకి చిల్లు పెట్టే ఆలోచన ఆరోజే పోయింది.

స్టీరింగు బరువుదీ అదే కథ. ముందు చక్రాల జాయింట్లకు గ్రీజు నిపుళ్లుంటాయి. వాటికి తరచూ గన్నుతో గ్రీజు ఎక్కిస్తూ ఉండాలి. ఎక్కించేవాళ్లు పోయాక మట్టి గట్టిపడి నిపుళ్లు మూసుకుపోయాయి. పైగా ఈ కారుకి మొదట వచ్చింది 5.90-15 సైజు టైర్లు. ఈ బండికి ఎవరో వెడల్పాటివి తగిలించారు. పవర్ స్టీరింగు లేకపోవడం ఆ బండికి జబ్బు కానే కాదు. బ్రేకులకూ వీల్ సిలిండర్ల కప్పులు మార్చి, డ్రమ్ములు లేతు మీద సమం చేయించి, లైనింగులు సర్దితే అరవై కిలోమీటర్ల వేగం దగ్గర బండి తిన్నగా ఆగింది. వేడెక్కడం సంగతి చూద్దామని రేడియేటరు విప్పితే అడుగునంతా తుప్పు బురద.

మార్చాలనుకున్నవాటిలో సగానికి పైగా నిజానికి బాగుచేయించాల్సినవే. బాగుచేయించి, ఒక ఎండాకాలం నడిపి, అప్పటికీ ఇబ్బంది పెట్టేది ఏదైనా మిగిలితే దాని గురించి ఆలోచించాలి. పాత కారు విషయంలో నాకున్న మొదటి పట్టుదల ఇదే.

అంతమాత్రాన ఏదీ ముట్టుకోవద్దని కాదు. కారు మారకపోయినా చుట్టూ లోకం మారింది. ఆ ఇంజను పుట్టింది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో. పోత ఇనుము హెడ్డులో వాల్వు కూర్చునే చోటు తొందరగా అరిగిపోకుండా ఆ సీసమే కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అందుకని హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడం తెలివైన పని. ఇప్పుడు ఇథనాల్ వచ్చింది. మన బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా అదే. అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రమ్ ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయించకపోతే వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది. అక్కడ ‘ఒరిజినల్ పైపే కావాలి’ అని పట్టుబట్టడం ప్రాణాలతో చెలగాటం.

హెడ్‌లైట్లూ అంతే. పాత వైరింగులో కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్‌లోంచే పోతుంది. దానికి హాలోజన్ బల్బులు తగిలిస్తే స్విచ్ మాడుతుంది. లోపల కనపడకుండా రెండు రిలేలు పెడితే స్విచ్ బతుకుతుంది, రాత్రి దారీ కనపడుతుంది. రేపెవరైనా వద్దనుకుంటే పది నిమిషాల్లో తీసేయొచ్చు. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టడం కూడా నాకు అభ్యంతరం లేదు. డైనమోతో సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది, అంటే బ్యాటరీకి చార్జింగు లేనట్టే. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఎంతసేపు ఆగాలో 1969లో ఎవరూ ఊహించి ఉండరు. అయితే తీసిన డైనమోని పాత సామాన్లవాడికి వేయొద్దు. నూనె పూసి, గుడ్డలో చుట్టి, ఏ బండిదో చీటీ కట్టి దాచాలి.

మళ్లీ తీసేయగలిగిన మార్పులే చేయాలన్న నా నియమాన్ని సీటు బెల్టుల విషయంలో నేనే సడలించుకుంటాను. వాటికి పిల్లరుకి కన్నం పెట్టాలి, లోపల గట్టి ప్లేటు వేయాలి. మళ్లీ పూడ్చలేని పని అది. ఆ బండిలో ఇద్దరు పిల్లలు ఎక్కబోతున్నారు కాబట్టి ఆ కన్నాలు పడాల్సిందే.

ఐసుజు ఇంజనుకి మాత్రం ఒప్పుకోలేదు. “కంపెనీయే వేసింది కదా బాబాయ్” అన్నాడు వాడు. నిజమే, 1992లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1.8 లీటర్ల ఐసుజు పెట్రోలు ఇంజను, అయిదు గేర్లు పెట్టి 1800 ఐఎస్‌జెడ్ తెచ్చారు. మంచి బండి అది. కావాలంటే దాన్నే కొనుక్కోవచ్చు. కానీ ఫ్యాక్టరీలో లెక్క చూసి చేసిన పని వేరు, గ్యాస్ కట్టరు చేతపట్టి ‘ఎక్కడ తగిలితే అక్కడ’ కోయడం వేరు. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన నిర్మాణం, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. అందులో ఎక్కడ కోసినా కారు బలాన్నే కోసినట్టు. వెల్డింగు వేస్తే కోత కనపడకుండా పోతుందేమో గానీ, కోయకముందున్న రేకు మళ్లీ రాదు.

చట్టం కూడా ఇటువైపే మొగ్గింది. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నియమాలు పెట్టింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను చెప్పుకోదగ్గ మార్పు లేకుండా ఉంటే ‘వీఏ’ అక్షరాలతో నంబరు వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరు బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తీసుకెళ్లొచ్చు. మా వాడు దీన్ని కొన్నదే ఆదివారాలు పిల్లల్ని తెనాలి అమ్మమ్మగారింటికి తీసుకెళ్లడానికి. అందుకని ఆ నంబరు వద్దన్నాడు. నేనూ సరేనన్నాను. కానీ రేపు వాడి కొడుక్కి ఆ నంబరు కావాలనిపిస్తే దారి మూసుకుపోకూడదు. ఐసుజు వేస్తే మూసుకుపోతుంది.

అసలు ‘ఒరిజినల్’ అంటే ఎప్పటి రూపం? చాలామంది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు రూపమే అనుకుంటారు. అది అన్నిసార్లూ సరికాదు. ఎన్టీఆర్ చైతన్యరథాన్ని తలుచుకోండి. అది పాత షెవ్రొలే వ్యాను. 1982లో పార్టీ ప్రచారానికి దాన్ని మార్పించి, పైన నిలబడి మాట్లాడే వీలు కల్పించారు. ఆయన కొడుకు హరికృష్ణ నడిపారు. ఎవరైనా శ్రద్ధగా దాన్ని మళ్లీ మామూలు షెవ్రొలే వ్యానుగా మార్చితే మన చరిత్రను చెరిపినట్టే అవుతుంది. అక్కడ మార్పే అసలు రూపం. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ‘ఫీవా’ 2013లో తెచ్చిన టురిన్ చార్టర్ కూడా, బండి బతికిన కాలంలో జరిగిన మార్పుల్ని దాని చరిత్రలో భాగంగానే చూడమంటుంది. మా వాడి బండిలో ముందు యజమాని డాష్‌బోర్డు కింద చెక్కతో చేయించుకున్న చిన్న అర ఉంది, కళ్లజోడు పెట్టుకోడానికి. అది ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పెట్టింది కాదు. అయినా తీయొద్దన్నాను. సైకిల్ ట్యూబు ముక్క మాత్రం పారేశాం.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. 1912 నాటి సిల్వర్ గోస్ట్. దానికి ఏసీ పెట్టిద్దామా అని ఎవరూ అడగరు. ఖరీదైనవి, అరుదైనవి వాటంతటవే కాపాడబడతాయి. కోతకు గురయ్యేవి మామూలు బండ్లు. ‘అంబాసిడరే కదా, ఎన్ని లేవు’ అనుకుంటూ ఎన్నో కార్లను ఎవరికి తోచినట్టు వాళ్లు కోశారు. డీజిల్ ఇంజన్లు దించారు, ఫ్లోర్లు చీల్చారు, డాష్‌బోర్డులు పీకి ప్లాస్టిక్‌వి బిగించారు. 2014 మేలో తయారీ ఆగింది, కొత్తవి ఇక రావు. డాక్టరు గారు రాత్రిపూట కాన్పుకి వెళ్లిన బండి, పెళ్లికూతురు అత్తారింటికి ఎక్కి వెళ్లిన బండి, కలెక్టరు గారు వరద చూడ్డానికి వచ్చిన బండి ఎలా ఉండేదో చూడాలంటే, గేరు స్టీరింగు పక్కనే ఉన్న మార్క్ టూ ఒకటి దొరకడం కష్టమైపోయింది. నిజాం కారు ఒక్కరి వైభవం. ఇది మనందరి జ్ఞాపకం. అందుకే దీని విషయంలోనే ఎక్కువ పట్టుపట్టాలంటాను.

ఏసీ సంగతి ఇంకా తేలలేదు. కంప్రెసరు బిగించడానికి ఇంజను దగ్గర బ్రాకెట్ వేస్తే చాలు, బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. ఆల్టర్నేటరు ఎలాగూ పెట్టాం. కానీ పైపుల కోసం ఫైర్‌వాల్‌కి కన్నాలు పెట్టాలంటున్నాడు మేస్త్రీ. ఉన్న గ్రామెట్ కన్నాల్లోంచే పంపగలమేమో కొలిచి చెప్పమన్నాను. ఈ ఎండాకాలం వెంటిలేటరు అద్దాలు తెరుచుకుని నడిపి చూడమని మా వాడికి చెప్పాను. వాడు సరేనన్నాడు. కోడలు మాత్రం ఒప్పుకోలేదు. “మే నెలలో మధ్యాహ్నం ఇద్దరు పిల్లల్తో తెనాలి వెళ్లొచ్చి అప్పుడు చెప్పండి మావయ్యగారూ” అంది. ఆ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయముంది. మేస్త్రీ కొలతలు వచ్చే వారం వస్తాయి.