చూసిందెంత, అనుకున్నదెంత?

సైకాలజీలో చేరిన పిల్లలు మొదటి వారంలోనే అడుగుతారు: “సార్, మొహం చూసి మనసులో ఏముందో చెప్పగలరా?” చెప్పలేనంటే వాళ్ల ఉత్సాహం సగం చస్తుంది. సిలబస్ చూశాక మిగతా సగం. సంవేదన, ప్రత్యక్షం, అవధానం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, మూర్తిమత్వం... వరసబెట్టి అధ్యాయాలు, ప్రతిదాని చివరా నిర్వచనాలు. ఆ నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా, ఎదురుగా ఇద్దరు మాట్లాడుకుంటుంటే అక్కడేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమంటే తడబడతారు. అందుకే పుస్తకం తెరవకముందే నేను వాళ్లను పాతబస్తీకి తోలుకెళ్తాను.

పని చిన్నదే. నయాపూల్ దగ్గర బస్సు దిగి, మదీనా చౌరస్తా దాటి, పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద నుంచి గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్ దాకా నడవాలి. అక్కడి నుంచి లాడ్‌బజార్‌లోకి. ఎవరికి నచ్చిన చోట వాళ్లు నిలబడి, గంటసేపు చూసింది నోటుబుక్కులో రాయాలి. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది తప్ప ఇంకేమీ రాయకూడదు. ‘కోపంగా’, ‘ప్రేమగా’, ‘కావాలని’, ‘పాపం’ లాంటి మాటలకు ప్రవేశం లేదు.

విన్నప్పుడు తేలికే అనిపిస్తుంది. మొదటి పేజీ తిప్పితే సంగతి తెలుస్తుంది. “గాజుల షాపాయన ఆమెకు టోపీ పెడుతున్నాడు” అని రాసుకొచ్చాడొకడు.

“టోపీ కనపడ్డదా?”

నవ్వాడు. “లేదు సార్.”

“మరేం కనపడ్డది?”

“ముందు ఆరొందలన్నడు. ఆమె లేచింది. ‘ఆపా, బైఠో’ అని పిలిచిండు. ఇంకో డబ్బా తీసిండు. ఆఖరుకు మూడొందల యాభైకి ఇచ్చిండు.”

“ఇది రాయి. టోపీ కొట్టెయ్.”

మనసు ఇలా తొందరపడటం ఆ పిల్లవాడి తప్పేమీ కాదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు ఒక చిన్న బొమ్మల సినిమా తీశారు. పెద్ద త్రికోణం, చిన్న త్రికోణం, ఒక వృత్తం, తలుపున్న ఒక గడి. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతకుమించి ఏమీ లేదు. చూసింది రాయమంటే, 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ వాటికి ప్రాణం పోసి చెప్పారు. పెద్ద త్రికోణం దౌర్జన్యం చేస్తోంది, వృత్తం భయపడుతోంది, చిన్నది ఎదురు తిరిగింది. గీతలకే హీరోనీ విలన్నీ చూసిపెట్టే మనసు, గాజులమ్మే మనిషిని వదులుతుందా?

సైకాలజీ పుట్టినప్పటి నుంచీ ఈ బాధ ఉంది. విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టాడని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆయన దగ్గర చదువుకున్న టిచెనర్ తన ప్రయోగాల్లో పాల్గొనేవాళ్లను ‘బల్ల’ అననిచ్చేవాడు కాదు. రంగు చెప్పు, ఆకారం చెప్పు, వెలుగు చెప్పు. వస్తువు పేరు చెప్పావో తప్పు చేసినట్టే. 1913లో వాట్సన్ వచ్చి, అసలు లోపలికి తొంగిచూడటమే వద్దు, బయటికి కనిపించే ప్రవర్తన చాలన్నాడు. ఇద్దరూ శ్రుతి మించారనే నా అభిప్రాయం. కానీ ఫస్టియర్ పిల్లలకు మొదటి నెల ఆ మాత్రం కట్టడి అవసరం.

ఆ ఆరొందల సంగతికొస్తే, అందులో ఒక అధ్యాయమంత సరుకుంది. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను వేడి చేసి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది మెత్తగా ఉండగానే రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. ఇంత పనిలో కూలి ఎంత, సరుకెంత, లాభమెంత అన్నది కొనే మనిషికి తెలిసే దారి లేదు. తెలియనప్పుడు మనసు చేతికందిన మొదటి అంకెను పట్టుకుంటుంది. ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో రాసిన వ్యాసంలో ఇది బాగా తెలుస్తుంది. అంకెల చక్రం తిప్పారు. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు నూటికెన్ని అని అడిగారు. చక్రం మీద 10 పడ్డవాళ్ల అంచనాల్లో మధ్యమం 25, 65 పడ్డవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదని వాళ్లకు తెలియదా? తెలుసు. అయినా అంకె తన పని తాను చేసుకుపోయింది.

షాపాయన ఈ వ్యాసం చదవలేదు. చదవాల్సిన అవసరమూ లేదు. గాజులు కొనడానికొచ్చిన ఆమే తక్కువది కాదు. ఆరొందలు వినగానే ‘దో సౌ’ అని తన అంకెను ముందు పెట్టింది. పిల్లవాడి నోటుబుక్కులో ఈ మాట మొదట లేదు. ‘టోపీ’ అని రాసుకున్నాక ఆమె ఏమందో వినాల్సిన పని అతనికి లేకపోయింది మరి.

అతను ఆ మాటే ఎందుకు ఎంచుకున్నట్టు? కొండాపూర్‌లో మాల్‌లో చొక్కా మీద రెండువేల ధర రాసి, కొట్టేసి, పక్కన తొమ్మిదొందలు రాస్తే అతను ‘ఆఫర్’ అంటాడు.

ఇక్కడ నేను ఒక పాత పరిశోధన చెబుతాను. ఇది మన దక్షిణాదిలోనే జరిగింది, అయినా మన పాఠాల్లో అంతగా వినపడదు. 1974లో డొనాల్డ్ టేలర్, వైష్ణా జగ్గీ దక్షిణ భారతంలో 30 మంది హిందూ గుమాస్తాలకు చిన్న చిన్న సన్నివేశాలు ఇచ్చారు. ఒక దుకాణదారు నీతో ఉదారంగా ఉన్నాడు. లేదా మోసం చేశాడు. వానలో తడుస్తుంటే ఒక ఇంటాయన లోపలికి పిలిచాడు, లేదా పట్టించుకోలేదు. అవతలి మనిషి కొన్నిచోట్ల హిందువు, కొన్నిచోట్ల ముస్లిం. అతను అలా ఎందుకు చేశాడు? మనవాడు మంచి చేస్తే అది అతని గుణం. మనవాడు చెడు చేస్తే పరిస్థితి అలా వచ్చింది. అవతలివాడి విషయంలో ఆ ఔదార్యం కనిపించలేదు: చెడు చేస్తే అది అతని బుద్ధి, మంచి చేస్తే ఏదో కారణం ఉండి ఉంటుంది. తర్వాత 1979లో థామస్ పెట్టిగ్రూ ఈ ధోరణికి ఒక పేరు పెట్టి సిద్ధాంతం చేశాడు. పేరు పరీక్షకు పనికొస్తుంది. ఆ దుకాణదారు సన్నివేశం పాతబస్తీలో నిలబడటానికి పనికొస్తుంది.

పుస్తకంలో దీనికి ముందు మెట్టు లీ రాస్ 1977లో చెప్పిన ‘ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్’. ఎదుటివాడు ఏదైనా చేస్తే కారణాన్ని అతని స్వభావంలో వెతుకుతాం, పరిస్థితిని తక్కువ చేసి చూస్తాం. మదీనా దగ్గర మనం హారన్ కొడితే ట్రాఫిక్ వల్ల, వెనకవాడు కొడితే తలపొగరు వల్ల. పాఠ్యపుస్తకాలు దీన్ని మనిషన్నవాడి సహజగుణంగా చెప్పేవి. అది అంత సార్వజనీనం కాదని చూపించడానికి జోన్ మిల్లర్ మైసూరు దాకా వచ్చింది. 1984లో అచ్చయిన ఆమె పరిశోధనలో ఒక ఉదంతం ఉంది. ఒక వకీలు మోటారుసైకిల్ మీద వెళుతుంటే టైరు పేలింది, వెనక కూర్చున్నాయన తలకు దెబ్బ తగిలింది. వకీలు ఆయన్ను ఆసుపత్రిలో దింపి కోర్టుకు వెళ్లిపోయాడు, ఆయన చనిపోయాడు. ఎందుకలా చేశాడంటే షికాగోవాళ్లు ఎక్కువగా ‘బాధ్యత లేని మనిషి’ అన్నారు. మైసూరువాళ్లు ‘కోర్టులో కేసుంది, వెళ్లక తప్పదు’ అన్న దారిలో చెప్పారు. చిన్నపిల్లల్లో ఈ తేడా అంతగా లేదు, వయసుతో పెరిగింది. అంటే పెద్దవాళ్లను చూసి నేర్చుకునే అలవాటన్నమాట.

మైసూరు ఫలితం చెప్పగానే క్లాసులో అందరూ మురిసిపోతారు, మనవాళ్లు ఎంత పెద్దమనసుతో ఆలోచిస్తారో అని. అప్పుడు గుమాస్తాల సంగతి గుర్తుచేస్తాను. ఆ పెద్దమనసు వీధి మలుపు దాకానే వెళ్లి ఆగుతుంది.

చార్మినార్ పక్కనే ఏడో నిజాం కాలం నాటి యునానీ దవాఖానా ఉంది. మూర్తిమత్వం పాఠంలో హిప్పోక్రటిస్, గాలెన్, నాలుగు ద్రవాలు, నాలుగు స్వభావాలు అని ఒక పేరా ఉంటుంది. పిల్లలు దాన్ని చచ్చిపోయిన చరిత్ర అనుకుని దాటేస్తారు. ఇక్కడ అదే దమ్, బల్గం, సఫ్రా, సౌదా; హకీములు ఈనాటికీ మిజాజ్, అంటే స్వభావం, చూస్తారు. ఆ ద్రవాల లెక్కను నేటి శాస్త్రం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. నాకు నచ్చింది మరొకటి. యునానీలో తప్పక విచారించాల్సిన ఆరు సంగతులున్నాయి: పీల్చే గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలిచేదీ బయటికి పోయేదీ. మిజాజ్ ఏదని తేల్చినా ఈ ఆరూ అడగాల్సిందే. ‘ఈయనది కోపిష్టి స్వభావం’ అని రాసి ఊరుకోవడానికి లేదు; రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, ఎక్కడ ఉంటావు. మా మూర్తిమత్వ ప్రశ్నావళుల్లో ఈ ఓపిక తక్కువ.

కారణమంతా మనిషి లోపలే ఉందనుకునే ధోరణి మన నేల మీదా ఒక పెద్ద ప్రయోగం చేసింది. 1964లో హార్వర్డ్ నుంచి డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులో యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సీట్’కు రప్పించి, ఏదైనా సాధించాలనే కాంక్ష పెరిగేలా శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవాళ్లు తర్వాత మిగతావాళ్లకన్నా చురుగ్గా వ్యాపారం పెంచారని 1969 పుస్తకంలో రాశారు. మంచి ప్రయోగమే. కాకపోతే అది చదివినప్పుడల్లా అప్పిచ్చే బ్యాంకు, లైసెన్సు ఆఫీసు, రేవు మీదికి మనసు పోతుంది. కాంక్ష తగ్గిందా, దారి మూసుకుపోయిందా అన్నది విడదీయడం అంత సులువు కాదు.

మళ్లీ నోటుబుక్కుల దగ్గరికి. అన్నిట్లోకీ బాగా రాసిన పుస్తకం శాలిబండ నుంచి వచ్చే ఒక అమ్మాయిది. అందరూ దుకాణాలనూ తోపుడుబండ్లనూ చూస్తుంటే ఆమె మా క్లాసును చూసింది. “మదీనా చౌరస్తా దాటగానే ఏడుగురు భుజం బ్యాగు ముందుకు తిప్పుకున్నారు. ఒకరు గొలుసు చున్నీ కిందికి సర్దుకున్నారు. ఇద్దరు ఫోన్ వెనక జేబులోంచి ముందు జేబులోకి మార్చారు. చార్మినార్ దాకా ఎవరూ వాటిని ముట్టుకోలేదు.” ‘భయం’ అన్న మాట ఎక్కడా లేదు. షరతు తప్పలేదు.

చదివి వినిపించమన్నాను. కాసేపు గొడవైంది. “రష్‌లో ఎవరైనా అట్లనే చేస్తరు సార్, కోఠీల గూడ చేస్తం” అన్నాడొకడు. తమదాకా వచ్చేసరికి పరిస్థితి ఎంత తొందరగా గుర్తొచ్చిందో వాళ్లే గమనించి నవ్వుకున్నారు. ఇంకో అమ్మాయి, “ఇంట్లో చెప్పి పంపిన్రు సార్, అటు పోతే జాగ్రత్త అని” అంది. ఇంట్లోవాళ్లకు 1990 డిసెంబరు మతఘర్షణలు గుర్తున్నాయి, కర్ఫ్యూలు గుర్తున్నాయి. ఏది తేలిగ్గా గుర్తొస్తే అదే తరచూ జరుగుతుందని మనసు లెక్కేస్తుంది. ఈ పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. వాళ్లు చూడని రోజులు వాళ్ల బ్యాగుల్ని తిప్పుతున్నాయి. అలా అన్నది నేనే. అన్న వెంటనే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది.

“తిప్పుకోనోళ్లు ఎంతమంది సార్? అది రాసిందా?”

రాయలేదు. క్లాసులో ముప్ఫై మందికి పైనే ఉన్నారు. ఏడుగురు తిప్పుకున్నారంటే తక్కినవాళ్లు తిప్పుకోలేదనా, ఆమె కంట పడలేదనా? బ్యాగులే లేనివాళ్లు ఎందరు? కోఠీలో అదే గుంపు నడిస్తే ఎందరు తిప్పుకుంటారు? శాలిబండ అమ్మాయి ఒప్పుకుంది: “తిప్పుకున్నోళ్లనే చూసిన సార్. చూడాలనే చూసిన.” ఆమె కోపం న్యాయమైనదే, ఆమె లెక్క సగమే.

కాబట్టి మళ్లీ వెళ్లాలి. ఒకరోజు కోఠీ, ఒకరోజు మదీనా, ఒకే వేళకు. ఇద్దరు విడివిడిగా, ఒకరిదొకరు చూసుకోకుండా తిప్పినవాళ్లనూ తిప్పనివాళ్లనూ లెక్కపెట్టాలి. చివర్లో ఇద్దరి అంకెలు కలుస్తాయో లేదో చూడాలి. చిక్కల్లా ఒక్కటే. ఇప్పుడు మా క్లాసులో అందరికీ సంగతి తెలిసిపోయింది, చౌరస్తా దాటుతూ బ్యాగును కావాలని ముట్టుకోరు. ఏమీ తెలియని గుంపు కావాలి. కామర్స్ వాళ్లను చార్మినార్ చూపిస్తామని పిలుద్దామంటున్నారు పిల్లలు. లెక్కపెట్టామని వాళ్లకు తర్వాత చెప్పాలా వద్దా అన్న వాదన ఇంకా తేలలేదు. నేను చెప్పాల్సిందేనంటున్నాను.