గమకమునకు లొంగిన జపాను గిటారు

హిందూపురమునకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమండపమున, తుంబురుడు వీణ పట్టగా, బ్రహ్మ మద్దెల వాయింపగా, రంభ నర్తించుచున్న శిల్పములను కన్నులార చూచినవారెవ్వరును ఈ ఎండిన సీమకు సంగీతము పరాయిదని అనజాలరు. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఆ యాలయమును కట్టించిరి. ఆ రాయల పేరనే వీణామేళమొకటి వెలసినది. రామామాత్యుడు 1550లో రచించిన ‘స్వరమేళకళానిధి’లో శుద్ధమేళవీణ, మధ్యమేళవీణలతోపాటు అచ్యుతరాజేంద్రమేళవీణను వర్ణించి, ఏ తంత్రికి ఏ మెట్టున ఏ స్వరము పలుకవలయునో నిరూపించెను. మఱి పదునైదేండ్లకు తళ్లికోట యుద్ధము జరిగి, విజయనగర రాజ్యపు రాజధాని పెనుకొండకు తరలివచ్చినది. తంత్రి క్రింద మెట్టు నిలిపి స్వరమును బంధించు విద్యను గూర్చి ఇంత లోతుగా విచారించిన రాజ్యమునకు తుది రాజధానులలో ఒకటియైన ఈ నేలపై నిలిచి, 1970 దశకమున జపానులో తయారైన విద్యుత్ గిటారును గూర్చి వ్రాయబూనుట అసంగతము కాదని నా విశ్వాసము. అదియు మెట్ల వాద్యమే. దానిని వేధించు ప్రశ్నలన్నియు వీణను వేధించినవే.

జపానులో ఈ వాద్యము వ్యాపించిన చరిత్ర దీర్ఘమైనది కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము టీస్కో, గుయటోన్ వంటి సంస్థలు చౌక గిటారులను చేయుచుండగా, 1965లో అమెరికాకు చెందిన వెంచర్స్ బృందము అచ్చట కచేరీలు చేసినపుడు యువజనులు ఆ నాదమునకు ముగ్ధులై, ఇంటింట గిటారు కావలెనన్నంత ఉత్సాహము పుట్టినది. నాగనో మండలమందలి మత్సుమోతో పట్టణమున 1960లో స్థాపితమైన ఫుజిగెన్, అచ్చటిదే యగు మత్సుమోకు వంటి కర్మాగారములు వడ్రంగములో నేర్పుగల పనివారిని చేర్చుకొని, అమెరికా నమూనాలకు అచ్చముగా ప్రతులు చేయసాగినవి. తొలినాటి ప్రతులు అంతంతమాత్రమే. పలుచని పలకలు అతికించిన దేహములును, లోపభూయిష్ఠమైన కొలతలును ఉండెడివి. కాని పదేండ్లు తిరుగునప్పటికి ప్రతి మూలమునకు ఎంత చేరువయైనదనగా, 1977లో గిబ్సన్ సంస్థ యజమానులగు నార్లిన్ వారు, ఐబనీజ్ గిటారులను అమెరికాలో పంపిణీ చేయుచున్న సంస్థపై గిటారు శిరోభాగపు ఆకృతి విషయమై వ్యాజ్యము వేసిరి. అది రాజీతో ముగిసినది. 1982లో ఫెండర్ సంస్థ తానే జపాను వర్తకులతో కలిసి అచ్చట శాఖ నెలకొల్పి, తన నమూనాలను ఫుజిగెన్ చేతనే చేయించుకొనుట, నా దృష్టిలో, ఏ న్యాయస్థానపు తీర్పుకన్నను గొప్ప తీర్పు.

ప్రతి యనగానే పెదవి విఱచువారికి నేనొక మాట చెప్పవలసియున్నది. గురువు పాడిన సంగతిని శిష్యుడు అక్షరము పొల్లుపోకుండ అప్పగించుట మన సంప్రదాయమున దోషము కాదు, అర్హత. అట్లు అప్పగించి అప్పగించి, ఒకనాడు తన మనోధర్మమును చూపుటకు ఆ శిష్యుడు అధికారి యగుచున్నాడు. జపాను పనివారు చేసినదియు అదియే. ఇతరుల కొలతలను వ్రేళ్లకు పట్టించుకొన్న పిదప, 1976లో యమహా వారి ఎస్‌జి 2000 వంటి స్వతంత్ర నిర్మాణములు వెలువడినవి. కార్లోస్ సంటానా వంటి విద్వాంసుడు దానిని చేపట్టెను. కనుక పాత జపాను గిటారును కొనువాడు వెలితక్కువ నకలును కాక, ఒక శిష్యపరంపర సాధనను చేతబట్టుచున్నాడని నేను భావింతును.

నా యొద్దనున్నది అట్టి ప్రతులలో ఒకటి. సెన్ అను జపాను కొయ్యతో చేసిన దేహము, మేపుల్ కొయ్య మెడ, రెండును కలియుచోట నాలుగు మరలతో బిగించిన లోహపు పలక, దానిపై ‘మేడ్ ఇన్ జపాన్’ అను అక్షరములు ఉన్నవి గాని, క్రమసంఖ్య లేదు. ఆ కాలపు గిటారులలో అనేకములకు సంఖ్య ఉండదు గనుక, వయస్సు తెలిసికొనగోరువాడు మరలు విప్పి లోపలి ముద్రలను, తీగచుట్లను, కొయ్య పొరలను పరీక్షింపవలసినదే. దీని రెండవ తంత్రి క్రింద తొలి మూడు మెట్లపై సన్నని గాడులు పడియున్నవి. పూర్వపు యజమాని ఏ స్థాయిలో ఎక్కువగా వాయించెనో ఆ గాడులే చెప్పుచున్నవి. గాడి లోతుగా ఉన్న మెట్టుపై తంత్రి చిటచిటలాడును. ఆకురాయితో సమము చేయించిన గాని స్వరము శుద్ధి కాదు.

మన సీమలో వర్షము తక్కువ, ఎండ ఎక్కువ. వేసవిలో కొయ్య ఆరి కుదించుకొనును. లోహపు మెట్లు మాత్రము కుదించుకొనవు. అందువలన మెడ అంచున మెట్ల కొనలు పొడుచుకొనివచ్చి, చేయి జార్చినపుడు అరచేతిని గీరును. దానికి బెదరి కొనలను అరగదీయుటకు పూర్వము, గిటారును పెట్టెలో ఉంచి, ప్రక్కన తడిగుడ్డగల చిల్లుల డబ్బా నుంచి కొన్ని దినములు వేచియుండుట మేలు. పెక్కుసారులు కొయ్య తానే సర్దుకొనును. మఱియొక హెచ్చరిక. జపానులో ఇండ్ల విద్యుత్తు 100 వోల్టులు, మనది 230. గిటారునకు విద్యుత్తు అక్కరలేదు గాని, దానితోపాటు అచ్చటి ఆంప్లిఫయరు కూడ దొరికినచో, నడుమ ట్రాన్స్‌ఫార్మరు లేక గోడకు తగిలించుట దానిని కాల్చివేయుటయే.

గిటారునకు విద్యుత్తు అక్కరలేదంటిని. తంత్రుల క్రింద అయస్కాంతములును, వాటి చుట్టు వేలకొలది చుట్లుగా వెండ్రుకవంటి రాగితీగయు ఉండును. ఉక్కుతంత్రి కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించి, ఆ చుట్టలో సూక్ష్మమైన విద్యుత్ప్రవాహము పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి వినిపించును, అంతియే. ఏకచుట్ట గల పాత గిటారు ఇంటి తీగలలోని 50 ఆవర్తనముల ఝంకారమును కూడ గ్రహించును. ఎదురెదురుగా చుట్టిన జంటచుట్టలు ఆ ఝంకారమును పరస్పరము హరించుకొనును గాని, ఏకచుట్టలోని నిర్మలత్వము వాటిలో కొంత తగ్గును. నేను ఝంకారమునే సహించి నిర్మలత్వమును ఎంచుకొంటిని.

ఇక అసలు విషయము గమకము. వీణమెట్లు మైనముపై కూర్చబడును. మేళము కట్టువాడు మైనమును వేడిచేసి, మెట్టును వెండ్రుకవాసి జరిపి, చెవికి ఇంపైన చోట నిలుపగలడు. గిటారు మెట్లు కొయ్యలోనికి దిగగొట్టబడినవి. పండ్రెండు స్వరస్థానములు సమానమైన స్వరాంతరములతో పంచబడినవి. అందువలన అంతరగాంధారము సహజస్థానముకన్న కొంచెము హెచ్చుగా పలుకును. తంత్రిని ప్రక్కకు లాగుట స్వరమును పెంచునే గాని తగ్గింపజాలదు. కనుక శంకరాభరణపు గాంధారమును దాని మెట్టుపైననే నొక్కుట పొరపాటు. ఒక మెట్టు వెనుక వ్రేలుంచి, పైకి లాగి, చెవి చాలునన్నచోట ఆగవలెను. ఈ ఒక్క అభ్యాసమునకే నెలలు పట్టును. అయినను ఇదియే ఈ వాద్యమునకు ద్వారము. తోడి గాంధారము వేరొక పరీక్ష. అది నిలిచినచో తోడి తోడి కాదు. గాంధారపు మెట్టుననే వ్రేలుంచి మధ్యమము వైపునకు లాగి విడుచుచు ఊపవలయును. ఒక పూర్ణస్వరము పెరుగుటకు తంత్రిపై బిగువు నాలుగవవంతునకు మించి పెరుగవలసియున్నది గనుక లావు తంత్రులతో వ్రేళ్లు నొచ్చును. సన్నని తంత్రులు వేసికొనుట ఉచితము. కొన్ని గిటారులకు స్ప్రింగులపై ఆడు మీట ఉండును. అది స్వరమును తగ్గింపగలదు గాని, తంత్రులన్నియు ఒక్కసారి క్రుంగును. మ్రోగుచున్న షడ్జము కూడ వాటితోపాటు క్రుంగుట చెవికి కంటకము.

శ్రుతి చేయునపుడు పాశ్చాత్య పద్ధతిని విడిచి, తంత్రులను షడ్జపంచమములకే కూర్చుకొన్నచో వ్రేళ్లకు వీణమార్గము దొరకును. అయితే ఒక తంత్రి బిగువు మార్చినపుడు మెడ వంపు మారి తక్కిన తంత్రులు చలించును. ధర్మవరపు మగ్గముపై పడుగులో ఒక పాయ బిగువు తప్పిన తక్కిన నేత కూడ వంకరపోవునట్లే, ఇచ్చటను ఆరింటిని పలుమారులు సరిచూచిన గాని శ్రుతి నిలువదు.

గమకమును సుగమము చేయుటకు మెట్ల నడుమ కొయ్యను దొనెవలె తొలుచువారు కలరు. భారతీయ సంగీతమును మేళవించిన శక్తి బృందమున జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు అట్టిదే. క్రొత్త గిటారునకు అది తగును. పాత జపాను గిటారును అట్లు తొలుచుట నేను సమ్మతింపను. తొలిచిన కొయ్య తిరిగి రాదు. ఎత్తైన మెట్లు వేయించుకొన్నచో ఆ సౌలభ్యములో అధికభాగము దక్కును.

విద్యుత్ మెట్లవాద్యముపై కర్ణాటక సంగీతము పలుకదనువాదమునకు మన తెలుగువాడే ఉత్తరమిచ్చెను. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, నాలుగు జంటతంత్రుల మాండలినును విడిచి ఐదు విడితంత్రుల విద్యుత్ మాండలినును చేపట్టెను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజునకు మాండలిను రాదు. ఆయన పాడుచుండగా బాలుడు ఆ గాత్రమునే తంత్రిపై పలికించెను. మెట్టును చూచి కాక గొంతును విని నేర్చుటయే ఆ గమకముల రహస్యమని నేను తలంతును. పెనుకొండ ధర్మవరముల నడుమనున్న పుట్టపర్తిలో ఆయన భక్తితో పలుమారులు వాయించెను. ఆ నాదము విన్న ఈ ప్రాంతమువారికి, ఉక్కుతంత్రిపై గమకము సాధ్యమా యను సందేహము ఉండరాదు.

మీ యింటి అటకపైననో, పాతసామాను అంగడిలోనో జపాను గిటారు కనబడినచో, పేరు చూచి వెల కట్టకుడు. మెడను కంటిచెంత పట్టి వంపు చూడుడు. ప్రతి మెట్టుపై ప్రతి తంత్రిని మీటుడు. నాదపు హెచ్చుతగ్గుల గుండీలను త్రిప్పి కరకర వినబడునేమో చూడుడు. కరకర దుమ్మువలన వచ్చునది, దానికి శుద్ధి కలదు. మెలివడిన మెడకు మాత్రము చికిత్స దుర్లభము. రంగు పూయింపకుడు. అరిగిన భాగములను మార్చవలసివచ్చిన మార్పుడు గాని, తీసిన మరను, చుట్టను, బిరడను పారవేయక ఒక సంచిలో వేసి గిటారు పెట్టెలోనే దాచియుంచుడు. మీ తరువాత దానిని వాయించువానికి అవి అవసరమగును.