ఉడతని మరచిపోయిన విమర్శ

టాగోర్ ‘డాక్‌ఘర్’ (1912) గురించి ఎవరు రాసినా దాదాపు ఒకే మాట రాస్తారు: గది అంటే శరీరం, రాజు అంటే దేవుడు, ఉత్తరం అంటే విముక్తి. నాకీ లెక్క ఎప్పుడూ కుదరలేదు. ఎందుకంటే, నాటకం మూసేశాక నాకు గుర్తుండేది ఉడత.

జబ్బుపడ్డ అమల్‌కి శరత్కాలపు గాలీ ఎండా తగలనివ్వొద్దంటాడు వైద్యుడు. అత్తయ్య పప్పు విసురుతుంటే రాలిన పలుకులు ఏరుకు తినే ఉడతని చూసి, తానూ ఉడతనైతే బాగుండునంటాడు వాడు. మామయ్య మాధవ్ దత్తకి వాణ్ణి పండితుణ్ణి చెయ్యాలని కోరిక. వాడికేమో పెరుగమ్ముతూ ఊళ్ళు తిరగాలని ఉంటుంది. కొండ కింద, శామలి ఏటి ఒడ్డున ఉన్న పెరుగువాడి ఊరిని చూడకుండానే వర్ణిస్తాడు. పెరుగమ్మడంలో ఇంత సుఖముందని వాడి దగ్గరే నేర్చుకుని వెళతాడు పెరుగువాడు. ఆ సంతోషాన్ని అమల్‌కి ఎవరూ జాలిపడి ఇవ్వలేదు. దారిన పోయే ప్రతివాళ్ళనీ వాళ్ళ పని గురించి అడిగి అడిగి సంపాదించుకున్నాడు.

ఎనిమిదేళ్ళప్పుడు నేనూ కిడ్నీ జబ్బుతో ఏడాదిపాటు మంచాన ఉన్నాను. చప్పిడి కూడు, బడి లేదు. కిటికీలోంచి వేపచెట్టు, పక్కన చిక్కుళ్ళు ఒలుస్తూ మా నాయనమ్మ. కాయలో గింజలెన్నో పందెం కాసేవాళ్ళం. ఆ ఏడాదికి ఎవరైనా ఆధ్యాత్మిక అర్థం చెబితే నాకు కోపమొస్తుంది.

ఇప్పుడు నాకో కూతురుంది. దానికి జ్వరమొస్తే నేను చేసే మొదటి పని కిటికీ మూయడం. అందుకే మాధవ్ దత్తని ఉత్త లౌకికుడని కొట్టిపారేసేవాళ్ళతో కలవలేను. అమల్ వచ్చాకే తన సంపాదనకో అర్థం దొరికిందనుకున్న మనిషి అతను. తలుపు మూసిందీ ఆ ప్రేమే.

ఒక లోటు మాత్రం చెప్పాలి. పప్పు విసిరిన అత్తయ్య రంగస్థలం మీదికి రానే రాదు. రాజవైద్యుడు వచ్చి తలుపులన్నీ తెరిపించినప్పుడు ఆవిడ ఎక్కడుందో టాగోర్ చెప్పడు.

1942 జులైలో వార్సా ఘెట్టోలో యానుష్ కోర్చాక్ తన అనాథాశ్రమం పిల్లలతో ఈ నాటకం వేయించాడు. మూడు వారాలు తిరక్కుండానే ఆయన్నీ ఆ పిల్లల్నీ ట్రెబ్లింకాకి తరలించారు. పిల్లల్ని చావుకి సిద్ధం చేయడానికే వేయించాడంటారు. కావచ్చు. కానీ పెరుగువాడి వేషం కట్టిన పిల్లాడు ఆ కాసేపూ కావడి మోస్తూ, గోడల్లేని ఊరి దారిన నడిచే ఉంటాడని నా నమ్మకం.