నడుం తెలిసిన పరుపు

నిజామాబాద్ జిల్లాలో నడుం నొప్పికి కారణం కోసం దూరం పోనక్కర్లేదు. చెరకులో తీపి మొదలు దగ్గరే ఎక్కువ. అందుకే బోధన్ వైపు గడను నేలమట్టానికి నరుకుతారు, రోజంతా వంగే ఉంటారు. ఊళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి బీడీలు చుడతారు. బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. నొప్పికి లేఆఫ్ ఎక్కడిది?

ఇలాంటి నడుములకు, దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులవాళ్ల చేతిపని పెద్ద ఆసరా.

దూది పరుపు వాడేకొద్దీ తుంటి బరువు పడేచోట గుంటపడుతుంది, పక్కన గడ్డలు కడుతుంది. దాన్ని విప్పి, దూదిని ఎండబెట్టి, ఏకి, మళ్లీ నింపుతారు. ఒకప్పుడు విల్లు నారిని కొయ్యగుండుతో మోగిస్తూ ఏకేవారు; ఇప్పుడు మోటారు మిషను ఆ పని చేస్తోంది. అసలు నేర్పు నింపడంలో ఉంది. ఎక్కడా పలచబడకుండా పొరలు పరిచి, దబ్బనంతో అడుగుదాకా కుట్లు వేస్తారు. కుట్టు మరీ బిగిస్తే పరుపు బండబారుతుంది, వదులైతే దూది జారిపోతుంది. ఆ బిగువు చేతికే తెలుస్తుంది.

నడుం నొప్పికి గట్టి బల్లే మందన్నది మన పెద్దల మాట. కానీ 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనం 313 మందిని 90 రోజులు పరిశీలించింది. గట్టి పరుపుల కంటే మధ్యరకం గట్టివే మేలని తేల్చింది. షాపులో ఆ మధ్యరకాన్ని పేరు చూసి కొనాలి. దూదేకుల మనిషికైతే నొప్పి ఎక్కడో చెప్పి కుట్టించుకోవచ్చు. నచ్చకపోతే మళ్లీ విప్పించవచ్చు. కుంగిన ఫోముకు ఆ వీలు లేదు.