మెరుగు పెట్టిన తుపాకీ

పాత మిలటరీ తుపాకులను బాగుచేసి చూపించే వీడియోలు మన కుర్రాళ్లు ఫోన్లలో బాగా చూస్తున్నారు. తుప్పు పట్టిన ఇనుము పావుగంటలో తళతళలాడుతుంది. పనితనంగా మెచ్చుకోవలసిందే. కానీ బాగుచేయడంలో ఏది చెరిగిపోయిందని అడిగేవాళ్లు తక్కువ. చరిత్ర చదివేవాళ్లు అడగాల్సింది అదే.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీనే తీసుకుందాం. గొట్టం పొడవు 39 అంగుళాలు. లోపల మెలితిరిగిన మూడు గాడులుంటాయి. గుండు వాటి వెంట గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది కనుక దూరానికి, సూటిగా పోతుంది. 1857లో సిపాయిల కోపాన్ని రగిలించింది దీని తూటాలే. వాటికి ఆవు కొవ్వు, పంది కొవ్వు రాశారనీ, నోటితో కొరకమంటున్నారనీ వాళ్లు తిరగబడ్డారు.

ఆ తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయ ప్రభుత్వం భారతీయ సిపాయిలకు వేరే తుపాకీ చేయించింది. పైకి అదే ఎన్‌ఫీల్డ్. లోపల గాడులు లేవు, గొట్టం నున్నగా ఉంటుంది. దూరాన్ని బట్టి పైకెత్తి గురి చూసుకునే పలక కూడా లేదు. దాని చోట కదలని చిన్న దిమ్మ పెట్టారు. తెల్ల సోల్జరు గుండు పోయేంత దూరం నల్ల సిపాయి గుండు పోకూడదన్నమాట. కొలువులో పెట్టుకున్న మనిషి మీద నమ్మకం లేదని ఆ ఇనుమే చెబుతోంది.

ఇలాంటి తుపాకీ దొరికితే తెలియనివాడు ఏమనుకుంటాడు? గాడులు అరిగిపోయాయనుకుంటాడు. పలక ఊడిపోయిందనుకుని కొత్తది బిగిస్తాడు. గరుకు కాగితంతో చెక్కను రుద్ది, దాని మీది పటాలం ముద్రలను పోగొడతాడు. అతను లోపమనుకున్నది నిజానికి సాక్ష్యం. దాన్ని సరిదిద్దితే తుపాకీ అందంగా ఉంటుంది, అబద్ధం చెబుతుంది.

మంచి మరమ్మతుకు ఆర్భాటం అక్కర్లేదు. తుప్పు పెరగకుండా ఆపాలి. నూనెతో మెల్లగా తుడిచి, పల్చగా మైనం పూయాలి. ముద్రల జోలికి పోకూడదు. చేసిన ప్రతి పనినీ రాసిపెట్టాలి.

ఇదంతా మనకెందుకు అంటారా? 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకీ ఉంచుకోకూడదంది, యూరోపియన్లకు మినహాయింపునిచ్చింది. మరుసటి ఏడు, 1879 మార్చిలో, రంప ఫితూరీ మొదలైంది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల ఆగడాలు తాళలేక మన్యం లేచింది. అప్పుడూ తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్నది పైవాళ్లే తేల్చారు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో మన్యం దానికి బదులు చెప్పింది. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, వాళ్ల వెంట నడిచిన గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి 26 తుపాకులు తీసుకుపోయారు. ఏమేం తీసుకున్నారో రాసి మరీ వెళ్లారు. దొంగ లెక్క రాసిపెట్టడు. ఆ రాత వల్లే అది దొంగతనం కాదు, యుద్ధమని తెలుస్తోంది.

మ్యూజియం అద్దాల వెనక తుపాకీ పక్కన సాధారణంగా పేరు, ఏడాది, తయారైన ఊరు ఉంటాయి. అవి సగం కథే. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే ఉపాధ్యాయులు మరో మూడు ప్రశ్నలు అడిగించాలి. దీన్ని ఎవరికిచ్చారు? ఎవరికి ఇవ్వలేదు? ఎవరి మీద ఎక్కుపెట్టారు? మెరుగు పెట్టినవాడు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడు. చెప్పాల్సింది ఆ తుపాకీకి ఎదురుగా నిలబడినవాళ్ల బిడ్డలు. అంటే మనం.